హైస్కూల్ నుంచే మెడికల్ సీటు: అమెరికాలో బీఎస్-ఎండీకి ఎలా అప్లై చేయాలి

వేసవి సెలవులు అయిపోతున్నాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. “అక్కా, మా వాడు పన్నెండో క్లాసులోకి వచ్చాడు. డైరెక్ట్ మెడిసిన్‌కి ఏం చేయాలి?” మా అమ్మాయి ఈ దారిలో వెళ్లినప్పటి నుంచి ఏటా ఇదే ప్రశ్న, దాదాపు ఇవే మాటలు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇది ముఖ్యంగా అమ్మానాన్నల కోసం.

అమెరికాలో డాక్టర్ కావాలంటే మామూలుగా నాలుగేళ్లు డిగ్రీ చదివి, ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష) రాసి, మళ్లీ మెడికల్ స్కూల్‌కి అప్లై చేసి, ఇంకో నాలుగేళ్లు చదవాలి. బీఎస్-ఎండీ, బీఏ-ఎండీ అంటే హైస్కూల్లో ఉండగానే ఈ రెండింటికీ కలిపి సీటు తెచ్చుకోవడం. కొన్ని ఎనిమిదేళ్లు, కొన్ని ఏడేళ్లు. కాన్సస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీలో అయితే ఆరేళ్లే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మనం ఎంసెట్ చూసి పెరిగినవాళ్లం. ర్యాంకు వస్తే సీటు వస్తుందనే లెక్క మన రక్తంలో ఉంది. ఇక్కడ ర్యాంకు లేదు. చాలా ప్రోగ్రాముల్లో సీట్లు పదీ ఇరవైకి మించవు. అప్లై చేసేవాళ్లందరికీ మార్కులుంటాయి. మీ పిల్ల ఫైలును కాలేజీ వాళ్లూ మెడికల్ స్కూల్ వాళ్లూ చదువుతారు. వాళ్లకు కావలసిన జవాబు ఒకటే: పదిహేడేళ్ల ఈ పిల్ల డాక్టర్ అవుతానంటోంది, ఆ మాటను తనకు తానే పరీక్షించి చూసుకుందా లేదా? కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ జవాబు కోసమే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- తొమ్మిదో క్లాసు నుంచి ట్రాన్‌స్క్రిప్ట్. అందులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కో ఏడాదైనా, లెక్కల్లో కాలిక్యులస్ దాకా ఉంటే మంచిది
- శాట్ లేదా ఏసీటీ స్కోరు
- ఇద్దరు టీచర్లు, స్కూల్ కౌన్సెలర్ రాసే లెటర్లు
- ఆస్పత్రి, నర్సింగ్ హోమ్ వంటి చోట్ల చేసిన పని వివరాలు: తేదీలు, గంటలు, అక్కడి సూపర్‌వైజర్ పేరు
- పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు లేదా వీసా కాగితాలు
- ట్యాక్స్ రిటర్నులు
- అన్ని ప్రోగ్రాములనూ పక్కపక్కన పెట్టి చూసే ఒక స్ప్రెడ్‌షీట్

1. స్టేటస్ చూసుకోండి

దీన్ని చాలామంది చివర్లో చూసి బాధపడతారు. చాలా ప్రోగ్రాములు అమెరికా పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవారిని మాత్రమే తీసుకుంటాయి. హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవారి పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్న మన పిల్లలు చాలామంది రెండేళ్ల వయసులో ఇక్కడికి వచ్చి, ఇక్కడే పెరిగి, అప్లికేషన్ దగ్గర మాత్రం విదేశీ విద్యార్థుల లెక్కలోకి వెళ్తారు. పైగా 21 ఏళ్లు నిండితే హెచ్4 పోతుంది. ఎనిమిదేళ్ల కోర్సులో ఆ పుట్టినరోజు మధ్యలోనే వస్తుంది. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారాలి, ఫెడరల్ లోన్లు దొరకవు.

కాబట్టి ప్రతి ప్రోగ్రాముకీ రెండు ప్రశ్నలు ఈమెయిల్లో అడగండి. హెచ్4 పిల్లలు అప్లై చేయవచ్చా? మధ్యలో ఎఫ్1కి మారితే మెడికల్ స్కూల్ సీటు నిలుస్తుందా? కాలేజీ సరేనన్నంత మాత్రాన మెడికల్ స్కూల్ సరేనన్నట్టు కాదు. రెండుచోట్లా అడగాలి. జవాబు రాతపూర్వకంగా దాచుకోండి. మీ కేసు ఎటు పోతుందో ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.

ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్నదీ ముఖ్యమే. న్యూ మెక్సికో యూనివర్సిటీ బీఏ-ఎండీ ఆ రాష్ట్రం పిల్లల కోసం పెట్టింది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వారి సోఫీ డేవిస్ ఏడేళ్ల ప్రోగ్రాము న్యూయార్క్ రాష్ట్రవాసులకు. మీ రాష్ట్రంలో ఇలాంటిది ఉంటే అది మీ లిస్టులో మొదటి వరుసలో ఉండాలి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇంటర్ పిల్లల కోసం అడిగేవాళ్లకు: ఈ ప్రోగ్రాముల్లో చాలావాటికి మీ పిల్లలకు అర్హత ఉండదు. నీట్ రాసి ఎంబీబీఎస్ చేసి, తర్వాత యూఎస్ఎంఎల్ఈ (అమెరికా డాక్టర్ లైసెన్సు) పరీక్షలూ, విదేశాల్లో చదివిన డాక్టర్లకు కావలసిన ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికేషనూ పూర్తి చేసి రెసిడెన్సీకి (డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణకు) రావడమే ఎక్కువమంది నడిచే దారి.

2. లిస్టు తయారు చేయండి, షరతులు చదవండి

పదకొండో క్లాసు అయిపోయిన వేసవి దీనికి సరైన సమయం. పేరు చూసి లిస్టు వేయకండి. ఈ ప్రోగ్రాములు వస్తుంటాయి, పోతుంటాయి. మన వాళ్లు ఎంతో ఇష్టపడిన నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ హెచ్‌పీఎంఈ ప్రోగ్రామును కూడా ఆపేశారు. ఇప్పటికీ దాని గురించి అడిగేవాళ్లున్నారు. పాత లిస్టులు నమ్మకుండా ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే ఈ ఏడాది తీసుకుంటున్నారో లేదో చూడండి.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ప్రోగ్రాముకి ఈ గడులు పెట్టండి:

- మొత్తం ఎన్నేళ్లు?
- ఎంక్యాట్ రాయాలా? రాస్తే ఎంత రావాలి? బ్రౌన్ యూనివర్సిటీ వారి పీఎల్ఎంఈ ప్రోగ్రాములో, రాచెస్టర్ యూనివర్సిటీ వారి రెమ్స్‌లో అక్కర్లేదు. హాఫ్‌స్ట్రా యూనివర్సిటీలో రాయాలి.
- కాలేజీలో జీపీఏ ఎంతకు తగ్గకూడదు? సైన్స్ జీపీఏ విడిగా లెక్కిస్తారా?
- ఏపీ క్రెడిట్లు (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సులు చదివి తెచ్చుకున్నవి) ఒప్పుకుంటారా, కెమిస్ట్రీ మళ్లీ చదవాలా?
- బయట ఇంకో మెడికల్ స్కూల్‌కి అప్లై చేస్తే ఈ సీటు ఉంటుందా, పోతుందా?
- గడువు తేదీ. చాలావాటికి నవంబర్ 1 నుంచి డిసెంబర్ 1 మధ్యలో ఉంటుంది. మామూలు గడువు జనవరి అని కూర్చుంటే అంతే సంగతులు.

“గ్యారంటీ” అనే మాట దగ్గర ఆగి చదవండి. పిట్స్‌బర్గ్‌లో, వర్జీనియా కామన్‌వెల్త్‌లో ప్రోగ్రాము పేరులోనే గ్యారంటీ ఉంది. అయినా ఎక్కడైనా ఆ సీటు షరతులకు లోబడే ఉంటుంది. ఎంక్యాట్ 472 నుంచి 528 దాకా ఉండే పరీక్ష. బయట మామూలుగా అప్లై చేసేవాళ్లకు కావలసినంత స్కోరే ఇక్కడా అడిగితే, మీకు దక్కుతున్న వెసులుబాటు ఏమిటో ఒకసారి లెక్క వేసుకోండి. నా అభిప్రాయం అడిగితే, ఒకటి రెండు సంవత్సరాలు ఆదా అవుతాయని ఆరేళ్ల, ఏడేళ్ల ప్రోగ్రాములకు ఎగబడడం కన్నా, షరతులు తేలికగా ఉన్న ఎనిమిదేళ్ల ప్రోగ్రామే పిల్లలకు మేలు. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఊపిరి తీసుకునే చోటు కావాలి.

బ్రౌన్ గురించి ఒక హెచ్చరిక. ఎర్లీ డెసిషన్‌లో (సీటిస్తే తప్పకుండా చేరతామని ముందే మాటిచ్చే పద్ధతిలో) పీఎల్ఎంఈకి అప్లై చేసినప్పుడు, పీఎల్ఎంఈ రాకుండా మామూలు కాలేజీ సీటు మాత్రమే వచ్చినా చేరడానికి మీరు ఒప్పుకున్నట్టే. అది మీకు సమ్మతమైతేనే అలా వేయండి.

కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారంలో) 20 కాలేజీలే పెట్టొచ్చు. వాటిలో సగమైనా మామూలు నాలుగేళ్ల కాలేజీలు ఉండాలి. వాటిలో మీరు ఖర్చు భరించగలిగినవీ, మీ పిల్ల సంతోషంగా చదవగలిగినవీ ఉండాలి. బీఎస్-డీఓ (ఎండీకి బదులు ఆస్టియోపతిక్ మెడిసిన్ డిగ్రీ ఇచ్చే) ప్రోగ్రాములు కూడా చూడండి: న్యూయార్క్‌లో ఎన్‌వైఐటీ, పెన్సిల్వేనియా వైపు లీకామ్ ఇలాంటివి నడుపుతున్నాయి. డీఓ చదివినవాళ్లూ ఇక్కడ పూర్తి హక్కులున్న డాక్టర్లే. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీ గుర్తింపు వ్యవస్థ ఒకటే అయింది. “డీఓ అంటే నిజం డాక్టరేనా?” అని బంధువులు అడుగుతారని ఆ దారి మూసేసుకోకండి.

3. రోగుల దగ్గర గడిపిన సమయం

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. మన వాళ్లు ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే.

షాడోయింగ్ అంటే డాక్టర్ వెనక నిలబడి చూడడం. అది కావాలి. కానీ అదొక్కటే సరిపోదు. 18 ఏళ్లు నిండనివాళ్లను చాలా ఆస్పత్రులు లోపలికి రానివ్వవు కూడా. రానిచ్చిన చోట ప్రైవసీ ట్రైనింగ్, టీకాల కాగితాలు, టీబీ పరీక్ష అడుగుతారు. వీటికే రెండు నెలలు పట్టొచ్చు. కాబట్టి పదో క్లాసులోనే ఫారాలు నింపండి.

ఆస్పత్రి దొరకకపోతే వేరే దారులున్నాయి. నర్సింగ్ హోమ్‌లో వారానికి మూడు గంటలు వృద్ధులతో కూర్చోవడం. హాస్పిస్‌లో (చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే చోట) వాలంటీరింగ్. మీ రాష్ట్రం ఒప్పుకుంటే నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు, ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స) కోర్సు. తెలుగు సంఘాలు గుళ్లలో, కమ్యూనిటీ హాళ్లలో పెట్టే హెల్త్ క్యాంపుల్లో బీపీ పట్టికలు రాయడం. ఒక వేసవిలో నూట ఇరవై గంటలు ఊపిరి ఆడకుండా చేసినదానికన్నా, రెండేళ్లపాటు ప్రతి శనివారం ఒకే చోటికి వెళ్లిన పిల్లకు చెప్పడానికి చాలా ఉంటుంది. ఒక ముసలాయన ఏ వారం తన పేరు గుర్తుపట్టలేదో, ఏ వారం గుర్తుపట్టాడో ఆ పిల్లకు తెలుస్తుంది.

మా అమ్మాయి విషయంలో నాకు ఆశ్చర్యం కలిగించింది ఒకటుంది. మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఇక్కడ జబ్బు పడితే, డాక్టరుకీ అమ్మమ్మకీ మధ్య తనే మాటలు అటూ ఇటూ చేరవేసింది. “కడుపులో మంట” అన్నదాన్ని ఎలా చెప్పాలో తెలియక తడబడింది. ఇది అప్లికేషన్‌కి పనికొస్తుందని మేమెవ్వరం అనుకోలేదు. ఇంటర్వ్యూలో గంటసేపట్లో సగం దీని మీదే మాట్లాడారట.

చేయకూడనివి:

- నాన్నో బాబాయో డాక్టరైతే వాళ్ల క్లినిక్‌లో మాత్రమే షాడోయింగ్ చేయించడం. మొదలుపెట్టడానికి ఫరవాలేదు. కానీ బంధువు కాని ఇంకో ఇద్దరు డాక్టర్లను కూడా చూడాలి. బంధువులతో లెటర్ రాయించవద్దు.
- ఇండియా వెళ్లినప్పుడు తెలిసినవాళ్ల ఆస్పత్రిలో ఇంజెక్షన్లు ఇచ్చాననో, కుట్లు వేశాననో రాయడం. శిక్షణ లేని విద్యార్థులు విదేశాల్లో రోగుల మీద చేయి వేయడం తగదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం మార్గదర్శకాలే ఇచ్చింది. గొప్పగా కనిపిస్తుందనుకున్నది ఫైలును దెబ్బతీస్తుంది. గుంటూరులో చూసినది చూసినట్టు రాస్తే చాలు.
- పదకొండో క్లాసులో హడావిడిగా ఒక నాన్‌ప్రాఫిట్ పెట్టడం. చదివేవాళ్లు తేదీలు చూస్తారు.
- గంటలు పెంచి రాయడం. ఫోన్ చేసి అడిగితే సమాధానం ఉండాలి.

కూచిపూడి, వీణ, మనబడిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పడం... ఇవి మెడిసిన్‌కి సంబంధం లేదని తీసేయకండి. పదేళ్లు ఒకదాన్ని వదలకుండా పట్టుకున్నారంటే, ఇంకో ఎనిమిదేళ్లు పట్టుకోగలరని నమ్మడానికి అదొక ఆధారం.

4. పరీక్షలు

దీని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. శాట్ 1500 దాటితే మళ్లీ మళ్లీ రాయించకండి. ఆ శనివారాలు మూడో మెట్టుకి పనికొస్తాయి. కొన్ని ప్రోగ్రాములు కనీస స్కోరు పెడతాయి. కాలేజీకి టెస్ట్ ఆప్షనల్ (స్కోరు పంపడం మన ఇష్టం) అయినా బీఎస్-ఎండీకి కాకపోవచ్చు. కొన్ని క్యాస్పర్ అనే పరీక్ష కూడా అడుగుతాయి. అది ఇబ్బందికరమైన సందర్భాలిచ్చి మీరేం చేస్తారని అడిగే పరీక్ష. దాని తేదీలు ముందే చూసుకోండి.

5. లెటర్లు

పదకొండో క్లాసు చివర్లో, మే నెలలోనే అడగాలి. ఒకరు సైన్స్ టీచర్ అయితే మంచిది. “ఏ” ఇచ్చిన టీచర్ కన్నా, పిల్ల కష్టపడి పైకొచ్చిన క్లాసు టీచర్ మంచి లెటర్ రాయగలరు. టీచర్లకు పిల్లే వెళ్లి అడగాలి. అమ్మ ఈమెయిల్ చేయకూడదు. కౌన్సెలర్‌కి బీఎస్-ఎండీ గడువు ముందుంటుందని విడిగా చెప్పండి. మాకు ఒక ఆఫీసు నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ సమయానికి వెళ్లలేదు. గడువుకి నాలుగు రోజుల ముందు పోర్టల్ తెరిచి చూసుకోబట్టి బయటపడ్డాం. ఆ నాలుగు రోజుల టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

6. కామన్ యాప్ నింపడం

ఆగస్టు 1న తెరుచుకుంటుంది. యాక్టివిటీలు పదికి మించి పెట్టలేరు, ఒక్కోదానికి 150 అక్షరాలే. “పేషెంట్లకు సహాయం చేశాను” అని రాస్తే ఏమీ చెప్పనట్టే. “వారానికి 12 మందికి భోజనం ట్రేలు అందించి, తినలేనివారి గురించి నర్సుకి చెప్పాను” అంటే కళ్ల ముందు కనిపిస్తుంది.

అతి మామూలు పొరపాటు ఒకటుంది. కాలేజీని లిస్టులో చేర్చగానే బీఎస్-ఎండీకి అప్లై అయిపోయినట్టు కాదు. ఆ కాలేజీ ప్రశ్నల్లో ప్రోగ్రాము పేరు దగ్గర విడిగా టిక్ పెట్టాలి. పెడితేనే ఎక్స్‌ట్రా ఎస్సేలు తెరుచుకుంటాయి. కొన్ని చోట్ల ఇంకో ఫారం ఆ యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో ఉంటుంది.

సరిచూసుకోవడం ఇలా: పంపే ముందు పీడీఎఫ్ ప్రివ్యూ తెరిచి, ప్రోగ్రాము పేరు అందులో కనిపిస్తోందా చూడండి. పంపాక రెండు మూడు రోజుల్లో కాలేజీ పోర్టల్ లాగిన్ వస్తుంది. అక్కడి చెక్‌లిస్టులో అన్నీ అందాయో లేదో వారానికోసారి చూడండి. స్పామ్ ఫోల్డర్ కూడా. ఇంటర్వ్యూ పిలుపులు అక్కడికి వెళ్లిపోయిన సంగతులు విన్నాను.

7. ఎస్సేలు

మూడు రకాలు. కామన్ యాప్ ఎస్సే 650 పదాల లోపు. “డాక్టర్ ఎందుకు కావాలి?” “ఇప్పుడే, ఈ కలిపిన ప్రోగ్రామే ఎందుకు?” చివరిది అన్నిటికన్నా కష్టం. “ఎంక్యాట్ రాసే బాధ తప్పుతుంది”, “సీటు ఖాయమవుతుంది” అన్నవి మనందరి మనసులోనూ ఉంటాయి. కానీ వాటిని కారణంగా రాస్తే చదివేవాళ్లకు ఇంకేం మిగలదు. ఆ వెసులుబాటుతో ఏం చేస్తావు అన్నదే వాళ్లు అడుగుతున్నది: రీసెర్చా, స్పానిష్ నేర్చుకోవడమా, పబ్లిక్ హెల్త్ కోర్సులా? ఆ కాలేజీలో అందుకు వీలుందని పేర్లతో సహా చూపించాలి.

మొదటి పేరాలో తాతగారి గుండెపోటుతో మొదలుపెట్టి “ఆ రోజే నిర్ణయించుకున్నాను” అని రాసే ఎస్సేలు లెక్కలేనన్ని. అది నిజమే కావచ్చు. అయినా ఆ రోజు తర్వాత ఏం చేశావన్నదానికి ఎక్కువ చోటివ్వాలి. అనుమానం కలిగిన రోజు గురించి రాయనివ్వండి. రక్తం చూసి కళ్లు తిరిగిన రోజు, వాసన భరించలేక బయటికొచ్చిన రోజు, మళ్లీ లోపలికి ఎందుకు వెళ్లిందో. నేను చూసిన మంచి ఎస్సేలన్నిటిలో అలాంటి చోటు ఒకటుంది.

ఎస్సేని పరీక్షించే పద్ధతి ఒకటి చెప్తాను. ఏదో ఒక పేరా తీసుకుని, కాగితం పక్కన పెట్టి, దాని గురించి మూడు నిమిషాలు మాట్లాడమనండి. మాట్లాడలేకపోతే ఆ పేరా మీ పిల్లది కాదు. మీదో, డబ్బు తీసుకున్న కన్సల్టెంటుదో. దాన్ని మళ్లీ రాయించండి. సీటు గ్యారంటీ అని చెప్పి ఫీజు అడిగే కన్సల్టెంట్ల దగ్గరికి వెళ్లకండి. ఆ గ్యారంటీ ఇవ్వగలిగేవాళ్లు ఎవరూ లేరు.

8. ఇంటర్వ్యూ

ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా జరుగుతాయి. కొన్ని మామూలుగా కూర్చుని మాట్లాడేవి. కొన్ని ఎంఎంఐ పద్ధతి: ఒక సందర్భం చదవడానికి రెండు నిమిషాలు, మాట్లాడడానికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, ఆ తర్వాత ఇంకో గది. “నీ స్నేహితుడు పరీక్షలో కాపీ కొట్టాడు, ఏం చేస్తావు?” లాంటివి.

మన పిల్లలు ఇక్కడ వెంటనే “రిపోర్ట్ చేస్తాను” అంటారు. సరైన జవాబు ఒకటే ఉంటుందన్న అలవాటు అది. వాళ్లు చూసేది ఆలోచన ఎలా సాగుతుందని: ముందు అతనితో మాట్లాడతావా, నీకు తెలియనిది ఏమిటి, ఎవరికి నష్టం? రోజూ రాత్రి భోజనాల దగ్గర ఇలాంటిది ఒకటి వేసి, ఎదురు ప్రశ్నలు అడగండి. తీర్పు చెప్పకండి. ఫోన్లో రికార్డు చేసి పిల్లనే వినమనండి. బట్టీ పట్టిన వాక్యాలు తన చెవికే తెలుస్తాయి.

“డాక్టర్ కాలేకపోతే ఏం చేస్తావు?” అని కూడా అడుగుతారు. “ఇంకేమీ ఊహించలేను” అనేది బలమైన జవాబని అనుకుంటారు. కాదు. ఆలోచించి చెప్పిన రెండో దారి ఉంటేనే మొదటిదాన్ని తెలిసి ఎంచుకున్నట్టు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే అమ్మానాన్నలు ఆ గదిలో ఉండకూడదు. తలుపు అవతల కూడా వద్దు.

9. డబ్బు, తర్వాత మే 1

ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారం (ప్రభుత్వ ఆర్థిక సహాయానికి పెట్టే అర్జీ) ప్రతి కాలేజీకీ పంపండి. కొన్ని ప్రైవేటు కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఆర్థిక వివరాల ఫారం కూడా అడుగుతాయి. స్కాలర్‌షిప్ డిగ్రీ సంవత్సరాలకే వర్తిస్తుందని గుర్తుంచుకోండి. మెడికల్ స్కూల్ లెక్క వేరు. ప్రైవేటులో ఆ నాలుగేళ్లకు మూడు లక్షల డాలర్లు దాటడం మామూలే. 2026 జూలై 1 నుంచి కొత్తగా లోన్ తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ (డిగ్రీ తర్వాతి చదువులకు ఇచ్చే ఫెడరల్ లోన్) లేదు. మెడిసిన్ లాంటి కోర్సులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్లకే పరిమితం. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో సీటు ఒప్పుకునే ముందే కాగితం మీద వేసుకోండి.

సీటు వస్తే ఆ లెటర్‌నీ షరతుల పేజీనీ పీడీఎఫ్‌గా దాచండి. వెబ్‌సైట్‌లో రేపు మారిపోయినా మీ పిల్లకు వర్తించేవి ఏవో మీ చేతిలో ఉంటాయి. కొన్ని ప్రోగ్రాముల్లో సీటు ఉన్నా తర్వాత ఆమ్‌క్యాస్ (మెడికల్ స్కూళ్లకు మామూలుగా అప్లై చేసే) ఫారం నింపాల్సిందే. అదీ రాసి పెట్టుకోండి.

రాకపోతే, మామూలు కాలేజీలో చేరాక రెండో ఏడాదిలో ఎర్లీ అష్యూరెన్స్ (కాలేజీ చదువుతుండగానే మెడికల్ సీటు ఖాయం చేసుకోవడం) అనే ఇంకో తలుపు ఉంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ మెడికల్ స్కూల్ వారి ఫ్లెక్స్‌మెడ్ అలాంటిదే, ఎంక్యాట్ అడగదు. అది కూడా కాకపోతే ఎంక్యాట్ రాసి వెళ్లడం. ఇక్కడి డాక్టర్లలో ఎక్కువమంది వచ్చింది ఆ దారిలోనే. మార్చి చివర్లో తిరస్కారాలు వరసగా వస్తాయి. ఆ వారం ఇంట్లో ఎవరి పిల్లకు ఎక్కడ వచ్చిందో మాట్లాడకండి.

రెండు మూడు చోట్ల వస్తే, మే 1 లోపు ఒకదానికి డిపాజిట్ కట్టి, మిగతావి వద్దని అదే రోజు పోర్టల్‌లో చెప్పేయండి. పది సీట్ల ప్రోగ్రాములో మీరు వదిలిన ఒక్కటి కోసం వెయిటింగ్ లిస్టులో ఇంకో పిల్ల ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటుంది.